బిట్టు దొరికే ఐరన్

మా మేనకోడలు ఇంజనీరింగులో చేరింది. కాలేజీలో ఏదో రోబో క్లబ్బట. మొన్న ఫోన్ చేసి, "మావయ్యా, సోల్డరింగ్ ఐరన్ ఏది కొనుక్కోను? పాతిక వాట్లది చాలా, అరవై వాట్లది తీసుకోనా?" అని అడిగింది. సోల్డరింగ్ ఐరనంటే లోహం కరిగించి వైర్లనూ పార్టులనూ అతికే కరెంటు పనిముట్టు, బిట్టంటే దాని కొసన వేడెక్కే మొన. వాట్ల సంగతి తర్వాత చూద్దువుగాని, ముందు దానికి బిట్లు విడిగా దొరుకుతాయో లేదో కనుక్కోమన్నాను. నిజానికి ఆ మాట నాది కాదు. తెనాలిలో మా వీధి మొదట్లో రేడియో రిపేరు కొట్టు పెట్టుకున్న సాయిబు గారిది. "వాట్లు కరెంటోళ్లు చూసుకుంటార్రా అబ్బాయ్, నువ్వు బిట్టు చూసుకో" అనేవారు. అందులో వెటకారమూ ఉంది, లెక్కా ఉంది. లెక్క నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది.

ఎనభైల మొదట్లో సంగతి ఇది. కొట్టంటే ఇద్దరు నిలబడితే మూడోవాడు మెట్టు మీద ఆగాల్సినంత గది. గోడల నిండా చెక్క బల్లలు, వాటి మీద ఫిలిప్సు, మర్ఫీ, బుష్ సెట్లు మెడలో చీటీలు కట్టుకుని వరసగా కూర్చునేవి. ఒక మూల, సెట్టులో షార్టుందేమో బల్బు వెలుగును బట్టి చూసే సీరీస్ బల్బు బోర్డు. మధ్యలో పెట్టె విప్పేసిన రేడియో బోర్డు ఒకటి ఎప్పుడూ మోగుతూ ఉండేది, విజయవాడ కేంద్రం, 837 కిలోహెర్ట్జ్. 1948 డిసెంబరులో మొదలైన ఆ కేంద్రం మా అందరికీ పాటలూ నాటకాలూ వార్తలూ. సాయిబు గారికి మాత్రం చేతికందే టెస్టింగ్ సిగ్నల్. వార్తలు ఎవరు చదువుతున్నారో ఆయనకు పట్టేది కాదు, ఎంత గట్టిగా వినపడుతోందో అదే చెవిన పడేది.

సెలవులొస్తే నా మకాం అక్కడే. టీలు తేవడం, చీటీల మీద తెలుగులో పేర్లు రాయడం (ఆయనకు ఉర్దూ రాత వచ్చు, తెలుగు చదవడమే వచ్చు), పనికిరాని బోర్డుల్లోంచి కండెన్సర్లూ ట్రాన్సిస్టర్లూ ఊడదీయడం నా పనులు. ఇంట్లో అడిగితే "ఎలక్ట్రానిక్స్ నేర్చుకుంటున్నా" అని చెప్పేవాణ్ని. మా నాన్నగారి దృష్టిలో అది టీ మోయడమే.

ఆ రోజుల్లో రేడియో ఆగిపోతే పైన ఒక దెబ్బ వేసేవాళ్లు, గుర్తుందా? దెబ్బ తగలగానే మళ్లీ పలికేది. అలాంటి సెట్లు ఆయన దగ్గరికి వారానికి ఎన్ని వచ్చేవో! తెచ్చినాయన కూడా సిగ్గుపడుతూ, "కొడితే మాట్లాడుతోందండీ" అనేవాడు. సాయిబు గారు వెనక మూత తీసి, చెక్క పుల్లతో ఒక్కో పార్టునీ మెల్లగా కదుపుతూ పోయేవారు. ఎక్కడో ఒకచోట గరగరమనేది. అక్కడ అతుకు పైకి బాగానే కనిపించేది కానీ, చుట్టూ సన్నటి గీత పడి ఉండేది. డ్రై సోల్డరన్న మాట, అంటే సరిగా పట్టని అతుకు. ఐరన్ ఆనించి, చుక్క లెడ్డు (అతికే తగరం, సీసం మిశ్రమాన్ని అలాగే అనేవాళ్లం) ఇచ్చి తీసేసేవారు. అంతే. పని రెండు నిమిషాలదే అయినా సెట్టు సాయంత్రం దాకా అక్కడే ఉంచేవారు. "ఇప్పుడే ఇచ్చేస్తే డబ్బులెందుకంటాడు" అని నవ్వేవారు.

ఆయన దగ్గర ఐరన్లు రెండుండేవి. చిన్నది ట్రాన్సిస్టర్ సెట్లకు. పెద్దది అరవై అయిదు వాట్లది, పాత గాజు వాల్వుల సెట్ల చాసీలకీ (పార్టులు బిగించే లోహపు చట్రాలకీ), మోటారు వైర్లకీ. చిన్నదానికి చెక్క పిడి, ఇస్త్రీ పెట్టెకుండే లాంటి నూలు తొడుగు వైరు. ప్లాస్టిక్ వైరైతే వేడి గొట్టం తగిలి ఇట్టే కరిగి షాకు కొడుతుందని ఆ నూలు వైరే కావాలని వేయించుకున్నారు. ఒకసారి లోపల వేడి పుట్టించే ఎలిమెంటు కాలిపోతే నా ఎదుటే విప్పారు. అభ్రకం రేకు చుట్టూ నైక్రోమ్ తీగ, దాని మీద మళ్లీ అభ్రకం, ఆ పైన గొట్టం. మన గూడూరు వైపు గనుల్లో తవ్వే అభ్రకం ఎందుకు పనికొస్తుందో పుస్తకంలో చదివిన వాక్యానికి అర్థం నాకు ఆ బల్ల మీద తెలిసింది. కరెంటును ఆపుతుంది, వేడిని తట్టుకుంటుంది.

బిట్టు పూర్తిగా రాగిది. పైన ఏ పూతా లేదు. ఇప్పటి పిల్లలకు ఈ రాగి బిట్టు గొడవ తెలియదు. కరిగిన తగరం రాగిని కొంచెం కొంచెంగా తనలోకి లాగేసుకుంటుంది. నాలుగు రోజులు గట్టిగా పని చేస్తే మొనలో గుంట పడేది. ఆ గుంటలో లెడ్డు నిలబడిపోయి, కావాల్సిన చోటికి దిగేది కాదు. అప్పుడు ఐరన్ చల్లారాక ఆకురాయి తీసి మొనను మళ్లీ ఉలి ఆకారానికి తెచ్చేవారు. సూదిమొన ఎప్పుడూ పెట్టలేదు. "సూది మొనకి వేడెక్కడుంటదిరా, గాలికి పోద్ది" అనేవారు. పల్చగా, వెడల్పుగా ఉంటే అంచు మొత్తం అతుక్కి ఆనుతుంది, వేడి గబుక్కున దిగుతుంది.

అరగదీయడం సులువే, తర్వాత పనే అసలైంది. రాగి బయటపడ్డాక వేడెక్కితే నిమిషాల్లో నల్లబడిపోతుంది. నల్లబడ్డ రాగి లెడ్డును పట్టదు, నీటి బొట్టు తామరాకు మీద జారినట్టు జారిపోతుంది. అందుకని ప్లగ్గు పెట్టిన దగ్గర్నుంచే రోజిన్ (మకిలి వదిలించి లెడ్డు పట్టేలా చేసే చెట్టు బంక) ముక్కా, లెడ్డు తీగా మొనకు ఆనించి పట్టుకు కూర్చోవాలి. రోజిన్ ముందు కరిగి పొగ లేచేది. ఆ వెనకే లెడ్డు మెత్తబడి ఎర్రటి రాగి మీద ఒక్కసారిగా వెండిలా పాకేది. ఆ పాకే క్షణం కోసమే నేను ఆకురాయి పని నాకివ్వమని పోరుపెట్టేవాణ్ని.

ఇత్తడి గిన్నెలకు కళాయి పోసే పనీ ఇదే. ఏడాదికోసారి మా వీధికి కొలిమి, తోలు తిత్తి వేసుకుని వచ్చేవాళ్లు. గిన్నెను నిప్పుల మీద కాల్చి, నవాసాగరం పొడి చల్లితే గుప్పుమని తెల్ల పొగ. మకిలి మొత్తం విడిచేది. తగరం కడ్డీ తాకించి దూదితో తిప్పితే గిన్నె లోపలంతా తెల్లగా అయిపోయేది. సాయిబు గారి సొరుగులోనూ ఒక నవాసాగరం గడ్డ ఉండేది. బిట్టు మరీ మొండికేస్తే వేడిగా ఉన్నప్పుడు దాని మీద ఒక రుద్దు రుద్ది, లెడ్డు పెట్టేవారు. కిటికీ తీసి, మొహం పక్కకు తిప్పుకుని చేయాల్సిన పని అది, ఆ పొగ గొంతు పట్టేస్తుంది. రోజూ చేసేది కూడా కాదు. విదేశాల్లో ఇప్పటికీ ఐరన్ల కోసం నవాసాగరం దిమ్మలు అమ్ముతున్నారని తెలిసి చాలా సంతోషించాను.

వారానికోసారి ఇంకో పని చేసేవారు. పెద్దగా ఎవరూ పట్టించుకోనిది. చల్లటి ఐరన్‌కు పక్క మర వదులు చేసి బిట్టును బయటికి లాగి, బల్లకు గొట్టం తట్టేవారు. నల్లటి పొలుసులు రాలేవి. ఎలిమెంటుకీ బిట్టుకీ మధ్య ఆ పొలుసు పేరుకుంటే వేడి మొనదాకా రాదు. ఐరన్ ఎర్రగా కాలుతున్నా లెడ్డు కరగదు. ఇంకా వదిలేస్తే బిట్టు గొట్టంలోనే పట్టేసి, బలవంతంగా లాగినప్పుడు అభ్రకంతో సహా వచ్చేస్తుంది. కొత్తది కొనాలని తీసుకొచ్చిన ఐరన్లు చాలావాటికి రోగం ఇదే. నన్నడిగితే ఇప్పటికీ చౌక ఐరన్లకు ఇంతకంటే పెద్ద వైద్యం లేదు.

ఇక ఆ వాట్ల లెక్క. మా వైపు సాయంత్రమైతే చాలు, వోల్టేజీ పడిపోయేది. పొలాల్లో మోటార్లు, ఇళ్లలో లైట్లు అన్నీ ఒకేసారి. 230 ఉండాల్సింది 180కి దిగితే బల్బు గుడ్డిదీపమవుతుంది సరే, ఐరన్ ఏమవుతుంది? వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కదా, పాతిక వాట్ల ఐరన్ పదిహేను వాట్లకు పడిపోతుంది. పెట్టె మీద ముద్రించిన పాతిక ఉదయం తొమ్మిదింటి లెక్క. వాట్లు కరెంటోళ్లు చూసుకుంటారన్నది అందుకు. మొన శుభ్రంగా, గొట్టంలో బిగుతుగా ఉన్న బిట్టైతే ఆ పదిహేనుతో కూడా సన్న అతుకులు నడిచేవి. చాసీ పనులు మాత్రం మర్నాటికి వాయిదా.

దీనికి ఎదురు కష్టమూ ఉంది. అప్పటి ఐరన్లకు వేడి అదుపు లేదు. ఊరికే స్టాండు మీద వదిలేస్తే లోపలికొచ్చే వేడీ, గాలికి పోయే వేడీ సమానమయ్యేదాకా ఎక్కుతూనే పోతుంది, బిట్టు నల్లగా మాడుతుంది. ఆయన స్విచ్ బోర్డులో ఐరన్ వైరుకు సీరీస్‌లో, కరెంటును ఒక్క దిక్కుకే వదిలే 1ఎన్4007 డయోడు ఒకటి, దానికి అడ్డంగా ఒక స్విచ్చి పెట్టారు. స్విచ్చి ఆపితే కరెంటు డయోడు గుండానే వెళ్లాలి, సగం అల ఆగిపోతుంది, ఐరన్ సగం వేడిమీద కునుకు తీస్తుంది. పని రాగానే స్విచ్చి వేస్తే క్షణాల్లో లేస్తుంది. ఇప్పుడు ఖరీదైన సోల్డరింగ్ స్టేషన్లలో స్లీప్ మోడ్ అని గొప్పగా రాసుకుంటున్నారు. మా తెనాలి కొట్టులో అది డయోడు ఖరీదుకే ఉండేది.

నా చేతికి ఐరన్ ఇవ్వడానికి ఆయన తొందరపడలేదు. ఇచ్చిన రోజు కూడా ఒకటే పాఠం. "లెడ్డు ఐరన్‌కి తినిపించొద్దు. అతుక్కి తినిపించు." ముందు బిట్టు అంచు పార్టు కాలుకూ, బోర్డు రాగికీ ఒకేసారి ఆనాలి. రెండూ వేడెక్కాక అవతలి వైపు నుంచి తీగ అందించాలి. అతుకే కరిగించుకోవాలి. లెడ్డు తనంతట తాను పాకి కాలు చుట్టూ చిన్న గోపురంలా నిలబడితే తీగ తీసెయ్, తర్వాత ఐరన్ తీసెయ్, ఊపిరి బిగబట్టి కదలకుండా ఉండు. ఇదంతా రెండు మూడు సెకన్ల పని. ఏసీ128 లాంటి, వేడి ఓర్వని జర్మేనియం ట్రాన్సిస్టర్లయితే కాలును నోస్‌ప్లయర్‌తో పట్టుకోవాలి, లోపలికి పోయే వేడిని ఆ పట్టకారు తాగేస్తుంది. బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) ముద్ర ఉన్న ట్రాన్సిస్టర్ ఒకటి పాడైతే ఆ రోజు టీకి డబ్బులుండేవి కావు మరి.

లెడ్డులో కూడా తేడాలుండేవి. తగరం అరవై మూడు పాళ్లు, సీసం ముప్పై ఏడు పాళ్లు ఉన్నది 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగి, ఒక్కసారిగా గట్టిపడుతుంది. సీసం ఎక్కువ కలిపిన చౌక రకం కరగడానికీ గట్టిపడడానికీ మధ్య మెత్తటి ముద్దలా ఆగుతుంది. ఆ ముద్ద దశలో చెయ్యి కాస్త కదిలిందా, పైన చెప్పిన దెబ్బ రేడియో తయారు. సాయిబు గారు కట్టల్లో వచ్చే లెడ్డును ఒంచి చూసి, చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. తగరం బాగా ఉన్న కడ్డీని ఒంచితే కిరకిరమంటుంది, అది నిజమే. సన్న తీగలో ఏం వినపడేదో ఆయనకే తెలియాలి.

ఒక అలవాటు మాత్రం ఆయన దగ్గర నేర్చుకోకూడనిది. రెండు చేతులూ చాలనప్పుడు లెడ్డు తీగను పళ్ల మధ్య పట్టుకునేవారు. అప్పటి మెకానిక్కులు చాలామంది అంతే. సీసం నోట్లోకి పోవడం మంచిది కాదు. అతుకు వేసేటప్పుడు లేచే పొగలో సీసం ఉంటుందని భయపడతారు కానీ, ఆ వేడికి సీసం ఆవిరి కాదు, అది రోజిన్ పొగ. అదీ ఊపిరితిత్తులకు పడదు, ఆస్తమా ఉన్నవాళ్లకు మరీను. సీసం ప్రమాదం చేతుల మీదుగా వస్తుంది. పని అయ్యాక సబ్బుతో కడుక్కుని అన్నానికి కూర్చుంటే చాలు. మేనకోడలికి ఈ ముక్క రెండుసార్లు చెప్పాను, చిప్స్ తింటూ సోల్డరింగ్ చేసే రకం.

గుండ్రటి డబ్బాల్లో దొరికే పేస్టును మాత్రం ఆయన కొట్టు గుమ్మం తొక్కనివ్వలేదు. రేకులకీ, పంపులకీ అమ్మే పేస్టుల్లో జింక్ క్లోరైడు ఉంటుంది. మకిలిని బాగా తింటుంది, అతుకు భలే పడుతుంది. కానీ తినడం ఆపదు. ఏడాది తిరిగేసరికి ఐఎఫ్‌టీల (రేడియోలోని చిన్న కాయిల్ డబ్బాల) సన్న తీగ పచ్చగా చిలుం పట్టి తెగిపోతుంది. వేరేచోట బాగుచేయించుకుని వచ్చిన సెట్టు మూత తీయగానే పచ్చదనం కనిపిస్తే, "పేస్టు డాక్టరు దగ్గరికెళ్లొచ్చింది" అని చీటీ మీద నా చేత గుర్తు పెట్టించేవారు. లోపల రోజిన్ ఉన్న లెడ్డు తీగ తప్ప ఇంకేదీ అక్కర్లేదని ఆయన సిద్ధాంతం. దాన్ని నేనింకా మార్చుకోలేదు.

నా మొదటి సొంత ఐరన్ విజయవాడలో కొన్నాం, నాన్నగారూ నేనూ. పాతిక వాట్ల సోల్డ్రాన్. కొట్టతను పెట్టె ఇస్తుంటే, "దీనికి బిట్టు విడిగా ఉందాండీ?" అని అడిగాను. ఆయన నన్నూ నాన్ననూ మార్చి మార్చి చూసి, సొరుగులోంచి రెండు బిట్లు తీశాడు. కొట్టు దిగాక, మా అబ్బాయి ఊరికే టీలు మోయడం లేదని నాన్న మొహంలో మొదటిసారి కనిపించింది. దాంతో ముందు చేసింది ఓఏ79 డయోడుతో, బ్యాటరీ అక్కర్లేని రేడియో. మేడ మీద పొడుగాటి ఏరియల్ తీగ, కుళాయి గొట్టానికి ఎర్తు, చెవిలో క్రిస్టల్ ఇయర్‌ఫోన్. విజయవాడ చీమ గొంతుతో పలికింది. అమ్మమ్మ ఇయర్‌ఫోన్ పెట్టుకుని, "కరెంటు లేకుండా ఎట్లా మాట్లాడతన్నార్రా వాళ్లు" అని, వెంటనే తీసి బల్ల మీద పెట్టేసింది.

చదువుకు హైదరాబాదు వచ్చాక కోఠీ గుజరాతీ గల్లీ దొరికింది. ఆ గల్లీలో తిరగడమే ఒక చదువు. వినాయక చవితి వస్తే హాస్టల్ పందిట్లో పరుగెత్తే లైట్లు మా గదిలోనే తయారయ్యేవి, టైమింగుకు 555 చిప్పు ఒకటి, లైట్లను ఒకదాని తర్వాత ఒకటి మార్చడానికి 4017 ఒకటి, వరసగా ఎల్ఈడీలు. 4017 సీమాస్ చిప్పు. దానికి వేడికంటే లీకేజీ భయం, అంటే బిట్టులోకి కారే కరెంటు. హాస్టల్ ప్లగ్గుల్లో ఎర్తు అన్నది పేరుకే. రెండు పిన్నుల ఐరన్ బిట్టుకు టెస్టరు ఆనిస్తే నియాన్ బల్బు సన్నగా వెలిగేది. అందుకని ఐరన్ బాగా కాల్చి, ప్లగ్గు పీకేసి, ఆ వేడి మీద గబగబా నాలుగైదు కాళ్లు అతికి, మళ్లీ ప్లగ్గు పెట్టేవాళ్లం. కొత్తగా కొనేవాళ్లు మూడు పిన్నుల ఐరన్ తీసుకుని, ఇంట్లో ఎర్తు నిజంగా ఉందో లేదో చూసుకుంటే ఈ సర్కస్ తప్పుతుంది.

ఉక్కు రంగు మొనతో, పూత ఉన్న బిట్లు నా చేతికి ఆ గల్లీలోనే వచ్చాయి. లోపల రాగే, పైన ఇనుప పూత. తగరం ఇనుమును చాలా నెమ్మదిగా తింటుంది కాబట్టి గుంటలు పడవు, నెలల తరబడి వస్తాయి. దీనికి ఆకురాయి తగిలిందంటే పూత లేచిపోయి వారంలో బిట్టు కథ ముగుస్తుంది. రాగి బిట్టు కాలం వాళ్లకు చేతులు ఊరుకోవు, అదే చిక్కు. దీనికి కావాల్సింది తడి స్పాంజి, అదీ పిండేసిన తడి. లేదంటే ఇత్తడి పీచు. గిన్నెలు తోమే స్టీలు పీచు పెట్టకూడదు. రాత్రి ప్లగ్గు తీసే ముందు మొన తుడవకుండా, పైన ఇంత లెడ్డు ముద్ద పెట్టి వదిలేయాలి. గాలి తగిలేది లెడ్డుకి, మొనకు కాదు. పొద్దున్న వేడెక్కాక ఆ ముద్ద తుడిస్తే కింద తళతళలాడుతూ ఉంటుంది.

2006 జులైలో ఐరోపా సీసం లేని అతుకులు తప్పనిసరి చేశాక బజారు మారింది. తగరం, వెండి, రాగి కలిపిన ఆ లెడ్డు (లెడ్డు లేని లెడ్డు!) 217 డిగ్రీలు దాటితే గానీ కరగదు, బిట్లను కూడా త్వరగా తింటుంది. ఇంట్లో సరదాకు చేసుకునేవాళ్లకు పాతదే మేలని నా అభిప్రాయం, చేతులు కడుక్కునే షరతు మీద. వేడి అదుపు ఉన్న ఐరన్ అయితే పాత లెడ్డుకు 330 నుంచి 350 మధ్య పెడితే చాలు. లెడ్డు కరగడం లేదని నాలుగు వందల యాభైకి తిప్పేవాళ్లను చూస్తుంటాను. మొన నల్లబడిందేమో చూడరు, అంకె పెంచుతారు.

ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది పెన్నంత ఐరన్, ల్యాప్‌టాప్ ఛార్జరుతో నడిచేది. పైన్‌సిల్ అంటారు. పది పదిహేను సెకన్లలో సిద్ధం. ఎలిమెంటు, వేడి కొలిచే సెన్సరు రెండూ బిట్టులోనే ఉంటాయి, హక్కో కంపెనీ వాళ్ల టీ12 రకం బిట్లలోనూ అంతే. అంటే మనం కొనే ఐరన్‌లో అసలు ఐరన్ బిట్టే. మిగతాదంతా పట్టుకోవడానికి పిడి. సాయిబు గారు ఉంటే ఏమనేవారో ఊహించుకోగలను. పెట్టెలో ఇచ్చే సూదిమొన బిట్టు పక్కన పెట్టేసి, రెండున్నర మిల్లీమీటర్ల ఉలిమొన తెచ్చుకున్నాను. మేనకోడలికీ అదే చెప్పాను. వేడి అదుపు ఉన్నది కొను, బిట్లు ఎక్కడైనా దొరికే రకం కొను, ఉలిమొన ఒకటి, కోసినట్టుండే వాలుమొన ఒకటి అదనంగా తీసుకో. నకిలీ బిట్లు చౌకగా వస్తాయి, వాటిలో కొన్ని మొదటి రోజు నుంచీ లెడ్డు పట్టవు. ఆ పిల్ల చివరికి ఏది కొన్నదో ఇంకా చెప్పలేదు.

సోల్డ్రాన్ ఇంకా ఉంది. పని చేస్తుంది కూడా. కాకపోతే మా ఆవిడ దాన్ని తన డిపార్టుమెంటుకు మార్పించుకుంది. పెరుగు డబ్బాలు, నూనె డబ్బాలు, ఐస్‌క్రీమ్ డబ్బాలు, ఇంట్లోకి వచ్చిన ప్లాస్టిక్ డబ్బా ఏదైనా బాల్కనీలో కుండీ కావాల్సిందే, కింద నీళ్లు పోవడానికి నాలుగు రంధ్రాలు కావాల్సిందే. పాతిక వాట్ల ఐరన్ ఆ పనికి దివ్యంగా సరిపోతుంది. కాలిన ప్లాస్టిక్ వాసనకు పక్కింటివాళ్లు ఒకసారి వచ్చి, వైరింగ్ ఏమైనా కాలుతోందా అని అడిగి వెళ్లారు. ఇప్పుడు ఆ పని వాళ్లు ఊరెళ్లినప్పుడే పెట్టుకుంటోంది.